ఫోన్ సాతాను పెట్టె అంటున్నవారికి ఒక జవాబు

మూల వాక్యము: అపొస్తలుల కార్యములు 18:24-28

కొలిమిగుండ్లలోను, చుట్టుపక్కల పల్లెల్లోను ఉంటూ చదివేవారికి, బ్రతుకుదెరువు కోసం బెంగుళూరుకు, హైదరాబాదుకు, గల్ఫ్ దేశాలకు వెళ్లి అక్కడినుంచి చదివే మన సంఘ బిడ్డలకు ఇది రాస్తున్నాను.

ఈమధ్య ఉజ్జీవ కూడికల్లో ఒక మాట తరచుగా వినబడుతోంది. సెల్‌ఫోన్ సాతాను పెట్టె అట. విశ్వాసి ఇంట్లో అది ఉండకూడదట. ముఖ్యంగా ఆడపిల్లల చేతికి ఇవ్వనే కూడదట. స్టేజీ మీద నుంచి ఈ మాట రాగానే కింద కూర్చున్నవాళ్లు గట్టిగా ఆమేన్ అంటారు. అదే స్టేజీ ముందు స్టాండు మీద ఫోన్ నిలబెట్టి ఆ ప్రసంగాన్నే యూట్యూబ్‌లో లైవ్ ఇస్తుంటారు. చివర్లో ఛానల్ సబ్‌స్క్రైబ్ చేసుకోమని, లింకును పది గ్రూపుల్లో పెట్టమని చెప్తారు. విశ్వాసి చేతిలో సాతాను పెట్టె అయినది ప్రసంగీకుని స్టాండు మీద ఎప్పుడు పరిశుద్ధమైంది? ఈ ప్రశ్న అడగడం దైవజనులను అగౌరవపరచడం కాదు. బెరయ వారు పౌలు చెప్పినదాన్నే లేఖనాలతో సరిచూసుకున్నారు, అందుకు వారిని లేఖనం మెచ్చుకుంది (అపొ. కార్య. 17:11).

నేను ఆ మాటతో ఏకీభవించను. ఫోన్‌ను పొగడటానికి ఇది రాయడం లేదు. దానివల్ల పాడైన కాపురాలు, పోయిన డబ్బు, పోయిన నిద్ర ఎంతో పాస్టరుగా నాకు తెలుసు. అయినా నేను చెప్పదలచిన సంగతి ఒకటుంది. ఫోన్‌లో నేర్చుకునేవారిని సంఘం అడ్డుకోకూడదు, ఒంటరిగానూ వదిలేయకూడదు. వారి పక్కన కూర్చోవాలి. ఎఫెసులో ప్రిస్కిల్ల, అకుల చేసినది అదే. మనం చేయకుండా ఉన్నదీ అదే.

నిషేధం ఎవరి మీద పడుతోంది?

ఆ ప్రసంగం విని ఇంటికి వెళ్లిన తండ్రి ఏం చేస్తాడో ఆలోచించండి. తన ఫోన్ పగలగొట్టడు. మేస్త్రీ ఫోన్ చేయాలి, లారీవాళ్లు ఫోన్ చేయాలి, బ్యాంకు మెసేజీ రావాలి. కొడుకు ఫోన్ తీసుకుందామంటే వాడు ఇవ్వడు. ఇక మిగిలింది ఇంటర్ చదివే కూతురు, లేదా కొత్తగా ఇంటికి వచ్చిన కోడలు. స్టేజీ మీద అందరికీ చెప్పిన మాట ఇంట్లో ఒక్కరి మీదనే అమలవుతుంది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది. మగవాళ్లు దాదాపు 49 మంది. అంటే సగానికంటే తక్కువ. ఈ తేడా సాతాను పెట్టలేదు. మన గడపలే పెట్టాయి. ఇప్పుడు మన పుల్పిట్ దానికి వాక్యం పేరు తగిలిస్తోంది.

ఆ కూతురికి ఏం పోతుందో లెక్క వేద్దాం. 2025లో మన రాష్ట్రంలో 16,347 టీచర్ పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. డిగ్రీ, బీఎడ్ చదివిన ఆడపిల్లలు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. నంద్యాల కోచింగులకు పేరున్న ఊరే. కానీ ఫీజు, హాస్టల్ ఖర్చు నాపరాయి పనికో కూలికో వెళ్లే ఇంటికి భారం. డబ్బున్నా, ఒంటరిగా పంపడానికి భయం. అలాంటి పిల్లకు మిగిలిన దారి ఏది? యూట్యూబ్‌లో ఉచితంగా దొరికే క్లాసులు, టెలిగ్రామ్ గ్రూపులో వచ్చే పాత ప్రశ్నపత్రాలు, తనలాగే చదివే నలుగురు స్నేహితురాళ్ల వాట్సాప్ గ్రూపు. కోచింగ్‌కు పంపలేదు, ఫోనూ ఇవ్వలేదు, ఆ తర్వాత "దేవుని చిత్తం లేదమ్మా" అన్నాం. ప్రియులారా, మనం మూసిన తలుపుకు దేవుని పేరు పెట్టకండి.

మార్త ఇంట్లో మరియ ప్రభువు పాదాల దగ్గర కూర్చుని వింది. వంటింట్లోకి పంపమని అడిగినప్పుడు ప్రభువు ఒప్పుకోలేదు. ఆమె ఎంచుకున్నది ఆమె నుంచి తీసివేయబడదని చెప్పాడు (లూకా 10:38-42). ప్రభువు తీసివేయనన్నదాన్ని మనం ఏ అధికారంతో తీసివేస్తున్నాం?

ఈ మాట మనకు కొత్త కాదు

మన తాతల కాలం గుర్తుచేసుకోండి. నంద్యాల వైపు ఎస్.పి.జి. మిషన్ వారు, జమ్మలమడుగు వైపు లండన్ మిషన్ వారు వచ్చి పల్లెల్లో బడులు పెట్టారు. మాల, మాదిగ వాడల పిల్లలు పలక పట్టారు. అప్పుడు ఊరి పెద్దలు ఏమన్నారో మన ఇళ్లలో ముసలివాళ్లు చెప్పుకునేవారు. వీళ్లకు చదువెందుకు, చదివితే చెడిపోతారు, పనిలోకి రారు, మాట వినరు అన్నారట. ఆ మాట నిలబడి ఉంటే ఈరోజు మీరు ఈ అక్షరాలు చదివేవారు కాదు, నేను రాసేవాణ్ణి కాదు. ఎవరైతే ఆ మాట భరించారో వారి మనుమలే ఇప్పుడు అదే మాట తమ కూతుళ్లతో అంటున్నారు. చదివితే చెడిపోతారు అన్నచోట ఫోన్ పడితే చెడిపోతారు అని మారింది, అంతే.

సంఘం ఏ కాలంలోనూ కొత్త సాధనానికి భయపడి బ్రతకలేదు. పౌలు తన పత్రికను కొలొస్సయిలో చదివాక లవొదికయ సంఘానికి పంపమన్నాడు, అక్కడి పత్రికను వీరు తెప్పించుకుని చదవమన్నాడు (కొలొస్సయులకు 4:16). ఒక సంఘం నేర్చుకున్నది ఇంకొక సంఘానికి చేరాలని ఆయన చేసిన ఏర్పాటు అది. తన అంత్యకాలం దగ్గరపడిందని తెలిసినప్పుడు కూడా త్రోయలో విడిచిన అంగీతోపాటు పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను తెమ్మని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:13). చావు దగ్గరపడినా ఆయనకు చదువుమీద ఆశ పోలేదు.

మన తెలుగు బైబిలు కథ కూడా అంతే. విశాఖపట్నంలో ఉన్న లండన్ మిషన్ వారు పనిచేసిన ఫలితంగా 1818లో మద్రాసులో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. అంతకుముందు మన ప్రాంతంలో పుస్తకమంటే తాటాకుల కట్ట. అది ఉన్న ఇళ్లు కొన్నే. అచ్చుయంత్రం వచ్చాక దానిలో బూతు పుస్తకాలూ అచ్చయ్యాయి, అబద్ధాల కరపత్రాలూ అచ్చయ్యాయి. అందుకని అచ్చుయంత్రం సాతానుదని అప్పటి సేవకులు వదిలేసి ఉంటే మన చేతికి వాక్యం వచ్చేదా?

బెలూం గుహలకు బండ అడ్డం పెట్టలేదు

మన మండలంలోనే బెలూం గుహలున్నాయి. లోపల చీకటి. దారి తప్పితే గాలి ఆడదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. 1982-83లో జర్మనీ నుంచి వచ్చిన డేనియల్ గెబాయర్ బృందం లోపలికి వెళ్లి కొలిచింది. 3,229 మీటర్ల పొడవు లెక్క తేలింది. పర్యాటక శాఖవారు 2002లో జనానికి తెరిచారు. తెరవడానికి ముందు ఏం చేశారు? దారి వేశారు, దీపాలు పెట్టారు, గాలి అందేలా చూశారు. చూపించడానికి గైడ్లున్నారు. ఇప్పుడు కూడా జనం తిరిగేది సుమారు కిలోమీటరున్నర మాత్రమే, మిగతాది తెరవలేదు. స్కూలు పిల్లలు బస్సుల్లో వచ్చి చూసిపోతున్నారు.

ప్రమాదం ఉందని ఎవరైనా గుహ నోటికి బండ అడ్డం పెట్టారా? లేదు. దీపం లేకుండా, తోడు లేకుండా పిల్లలను లోపలికి వదిలారా? అదీ లేదు. ఫోన్ విషయంలో మనం ఈ రెండు తప్పులే చేస్తున్నాం. కూతురి ముందు బండ పెడుతున్నాం, కొడుకును చీకట్లోకి ఒంటరిగా వదిలేస్తున్నాం. ఇద్దరికీ దీపం పట్టుకునేవారు లేరు.

చూడటం నేర్చుకోవడం కాదు

ఇప్పుడు రెండో వైపు ఉన్నవారితో మాట్లాడతాను. ఫోన్ ఉంది కదా, రోజూ వింటున్నాను కదా, నేర్చుకుంటున్నానులే అనుకునేవారితో. రోజుకు నాలుగు ప్రసంగాల ముక్కలు, పది రీల్స్, మూడు వంటల వీడియోలు, రెండు వ్యవసాయం వీడియోలు. నెల తిరిగాక ఏం నేర్చుకున్నారని అడిగితే చెప్పడానికి ఒక్కటీ లేదు. ఎప్పుడూ నేర్చుకుంటూ ఉండి ఎన్నటికీ సత్యం దగ్గరకు చేరని మనుషుల గురించి పౌలు తిమోతిని హెచ్చరించాడు (2 తిమోతి 3:7). ఆ హెచ్చరిక మన బొటనవేలికి కూడా వర్తిస్తుంది.

అపొల్లోను చూడండి. అలెక్సంద్రియవాడు. మాటకారి. లేఖనాలు బాగా తెలిసినవాడు. ఆసక్తితో బోధించేవాడు. ఇన్ని ఉన్నా అతనికి తెలిసింది యోహాను బాప్తిస్మము వరకే. ఎఫెసు సమాజమందిరంలో అతని మాట విన్న ప్రిస్కిల్ల, అకుల ఏం చేశారు? అందరి ముందు నిలదీయలేదు. ఇంకా తెలియని సంగతి ఉందని చెప్పకుండా ఊరుకోలేదు. అతన్ని చేర్చుకుని, మార్గాన్ని మరింత ఖచ్చితంగా వివరించారు. వాళ్లు సెమినరీ పండితులు కారు. డేరాలు కుట్టి బ్రతికే భార్యాభర్తలు. అందులోనూ ఇక్కడ లేఖనం ముందు చెప్పిన పేరు ప్రిస్కిల్లది. ఒక గొప్ప ప్రసంగీకునికి నేర్పినవారిలో ఒక కష్టజీవి స్త్రీ ఉంది. అపొల్లో కూడా నాకు నేర్పడానికి మీరెవరు అనలేదు. నేర్చుకున్నాడు. తరువాత సహోదరుల ఉత్తరం పట్టుకుని అకయకు వెళ్లి విశ్వాసులకు ఎంతో సహాయపడ్డాడు.

విన్నది సరిదిద్దబడాలి. సరిదిద్దబడింది పనిలోకి రావాలి. అప్పుడే అది నేర్చుకోవడం. యేసు ప్రభువు పన్నెండేళ్ల వయసులో దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వినడమే కాదు, ప్రశ్నలు అడిగాడు (లూకా 2:46). వీడియోను మనం ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు. కానీ మన పొరపాటు చూసి "అలా కాదు నాయనా" అని అది చెప్పలేదు. అందుకు మనిషి కావాలి.

లోకంలో పనిచేసేవాళ్లు కూడా ఈ సంగతి కనిపెట్టారు. 2006లో బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనా కేంద్రంలో రికిన్ గాంధీ అనే యువకుడు రైతుల కోసం ఒక ప్రయత్నం మొదలుపెట్టాడు. తరువాత దానికి డిజిటల్ గ్రీన్ అని పేరు వచ్చింది. ఆ ప్రాంతపు రైతులతోనే చిన్న వీడియోలు తీసి, పల్లెలో గుంపుగా కూర్చోబెట్టి చూపించారు. కేవలం వేసి వదిలేయలేదు. ఊరిలో ఒకరు వీడియోను మధ్యమధ్య ఆపుతారు, అర్థమైందా అని అడుగుతారు, ఎవరు పొలంలో చేశారో తరువాత వెళ్లి చూస్తారు. ఆ మనిషి పక్కన ఉండటంవల్లనే వీడియో పొలం వరకు చేరిందని వాళ్ల అనుభవం. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం నేర్పడానికి కూడా ఈ పద్ధతి వాడారు. రైతు దగ్గర ఒక పద్ధతి నాటడానికే పక్కన మనిషి కావాల్సి వస్తే, విశ్వాసి దగ్గర వాక్యం నాటడానికి లింకు ఒక్కటి చాలునా?

మన ఊరి పేరులోనే కొలిమి ఉంది. ఇనుముకు ఇనుము పదును పెట్టినట్టు మనిషికి స్నేహితుడు పదును పెడతాడని సామెతల గ్రంథం నేర్పుతుంది (సామెతలు 27:17). ఫోన్ కొలిమి తిత్తిలాంటిది, గాలి ఊదుతుంది. సాగగొట్టే చెయ్యి మాత్రం ఇంకొకరిది.

చేతిపనిలో నేర్చుకోవడం కూడా ఆత్మీయమే

వాక్యం నేర్చుకోవడం మాత్రమే ఆత్మీయం, పని నేర్చుకోవడం లోకసంబంధం అని కొందరు విడదీస్తారు. బెసలేలును దేవుడు తన ఆత్మతో నింపింది ప్రసంగించడానికి కాదు. బంగారం, వెండి, ఇత్తడి పని, రత్నాలు సానబెట్టడం, కర్ర చెక్కడం కోసం. అంతటితో ఆగకుండా, ఇతరులకు నేర్పే మనసును కూడా అతనికీ అహోలీయాబుకూ ఇచ్చాడు (నిర్గమ. 35:30-35). రాయి కోసేవాడి పని మీద దేవునికి శ్రద్ధ ఉంది. మన సంఘానికి ఉందా?

నాపరాయి గనుల్లో, పాలిషింగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే తమ్ముళ్లారా, మీ మిషన్ మోటారు ఎందుకు కాలుతుందో, నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము ఎలా తగ్గుతుందో, దుమ్ము ఊపిరితిత్తులను ఏం చేస్తుందో చెప్పే వీడియోలు ఫోన్‌లో ఉన్నాయి. చదరపు అడుగుల లెక్క ఫోన్‌లోనే పట్టిక వేసుకోవడం నేర్చుకోవచ్చు. బయటి రాష్ట్రాల వ్యాపారితో మాట్లాడేంత హిందీ నేర్చుకోవచ్చు. ఆటో నడిపేవారు బెలూంకు వచ్చే యాత్రికులతో మాట్లాడేంత ఇంగ్లీషు నేర్చుకోవచ్చు. మిషన్ కుట్టే అక్కలు కొత్త రకం జాకెట్ కటింగ్ నేర్చుకోవచ్చు. నేర్చుకున్నదాన్ని పాత గుడ్డ మీద కత్తిరించి, పెద్ద టైలరుకు చూపించి, తరువాతే గిరాకీ గుడ్డ మీద కత్తెర పెట్టండి.

రైతు అన్నలకు ఇంకొక మాట. వీడియోలో చెప్పేవాడు ఎక్కడి నేల మీద నిలబడి చెప్తున్నాడో చూడండి. కాలువ నీళ్ల కింద వరి పండించేవాడు చెప్పిన మోతాదు, మన నల్లరేగడిలో చలికాలపు తేమ మీద పండే పప్పుశనగకు సరిపోతుందా? మందు అమ్ముకునేవాడే సలహా ఇస్తున్నాడేమో గమనించండి. మనకు దగ్గరలోనే తెలిసినవాళ్లున్నారు. యంత్రంతో కోయడానికి అనువుగా పొడవుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 శనగ రకం నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచే వచ్చింది. బనగానపల్లె దగ్గర యాగంటిపల్లెలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. వీడియో చూసి ప్రశ్న తయారు చేసుకోండి, ఆ ప్రశ్నను వాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి. మందు డబ్బా మూత తీసేది ఆ తరువాతే.

చదువు రాని మాకు ఇవన్నీ ఎందుకయ్యా అనే తల్లులకు ఒక ఉదాహరణ చెప్తాను. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన దళిత స్త్రీలు, చాలామంది అక్షరం రానివారే, కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నారు. తమ విత్తనాల గురించి, తమ చిరుధాన్యాల గురించి ఫిల్ములు తీశారు. 2008లో మాచనూరులో సంగం రేడియో మొదలుపెట్టి తామే నడిపారు. లోకం వారి దగ్గరకు వచ్చి నేర్చుకుంది. అక్షరం రాకపోతే నేర్చుకోలేరని, నేర్పలేరని ఇక మనం అనకూడదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజీ పెట్టడానికి అక్షరం అక్కరలేదు.

గద్వాల నేర్పిన పాఠం

ఫోన్ మంచిదనే వారు కప్పిపెట్టే సంగతి ఒకటుంది, అదీ చెప్పాలి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచాయి. వాటిని నమ్మి దేశంలో ఎన్నోచోట్ల అమాయకులను కొట్టి చంపారు. చంపినవాళ్లు దొంగలు కారు, మన వంటి ఊరివాళ్లే. ఆ సంవత్సరమే మన దేశంలో ఒక మెసేజీని ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా వాట్సాప్ హద్దు పెట్టింది.

కర్నూలుకు తుంగభద్ర అవతల ఉన్న జోగులాంబ గద్వాల జిల్లాకు అప్పుడు రెమా రాజేశ్వరి గారు ఎస్పీ. ఆమె ఊళ్లలో ఫోన్లు గుంజుకోలేదు. పోలీసులను ఊరూరికీ పంపారు. డప్పు కొట్టించి, పాటలు పాడించి, ఏది అబద్ధమో ఎలా గుర్తుపట్టాలో చెప్పించారు. ఆ జిల్లాలో ఆ పుకార్లకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఒక పోలీసు అధికారిణి ప్రిస్కిల్ల పని చేసింది. సంఘమైతే ఏం చేస్తోంది? ఆమేన్ అని టైప్ చేయకపోతే ఆశీర్వాదం పోతుందని, పదిమందికి పంపితే సాయంత్రంలోగా శుభవార్త వస్తుందని ఉండే మెసేజీలను సంఘం గ్రూపులోనే తిప్పుతున్నాం. అది ప్రార్థన కాదు. సువార్త ముసుగు వేసుకున్న సోది. అన్నిటినీ పరీక్షించి మేలైనదాన్ని పట్టుకోవాలని థెస్సలొనీకయులకు పౌలు చెప్పాడు (1 థెస్స. 5:21). మూఢుడే ప్రతి మాటా నమ్ముతాడని సామెతల గ్రంథం చెప్తుంది (సామెతలు 14:15).

సేవకులకు ఒక మాట

తోటి పాస్టర్లారా, మనల్ని మనం వదిలేసి విశ్వాసులను మాత్రమే గద్దించడం న్యాయం కాదు. సెమినరీ డిప్లొమా గోడకు తగిలించాక మనలో ఎంతమందిమి ఇంకా నేర్చుకుంటున్నాం? శనివారం రాత్రి యూట్యూబ్‌లో పేరున్న ప్రసంగీకుని సందేశం విని, ఆదివారం ఉదయం అదే సందేశాన్ని, అవే ఉదాహరణలతో, ఆయన గొంతుతోనే చెప్పేవారు ఉన్నారు. ఆయన చెప్పిన పట్టణపు అపార్ట్‌మెంట్ కథ మన గని కూలికి ఏం తగులుతుంది? విశ్వాసులు కూడా అదే వీడియో చూశారు, మొహమాటానికి చెప్పరు.

బెంగుళూరులోని టాఫ్టీ సంస్థ 1970లలోనే వేరే దారి చూపింది. ఉద్యోగం చేసుకుంటూ ఇంటివద్ద పాఠం చదవాలి, తరువాత గుంపుగా కూడి చర్చించాలి. చదివింది ఒంటరిగా మిగలకూడదని వారి ఉద్దేశం. మనకు ఇప్పుడు ఫోన్ కూడా తోడైంది. మండలంలోని ఐదారుగురు పాస్టర్లం, ఏ మిషన్‌కు చెందినా సరే, వాట్సాప్ గ్రూపు పెట్టుకుని వారానికి ఒక అధ్యాయం చదివి, నెలకొకసారి ముఖాముఖి కూర్చోలేమా? గ్రూపులో మన పోస్టర్లు, మన పుట్టినరోజు ఫోటోలు పెట్టడానికి సమయం ఉంది, అర్థంకాని వచనం ఒకటి పెట్టి "అన్నా, దీనికి మీరేం చెప్తారు" అని అడగడానికి సిగ్గు. అపొల్లో సిగ్గుపడలేదు.

"మరి చెడిపోతే ఎవరిది బాధ్యత?"

ఈ ప్రశ్న తల్లిదండ్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బూతు వీడియోలున్నాయి. తెలియనివాడు ప్రేమగా మాట్లాడి ఫోటోలు అడిగి బెదిరిస్తాడు. అప్పుల యాప్‌లవాళ్లు వేధిస్తే మన తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు తీసుకున్నవారున్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, అయినా బెట్టింగులో పొలం పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు మీరే చెప్పండి. ఈ వలల్లో ఎక్కువ ఎవరు పడతారు? ఇంట్లో చెప్పుకోగలిగినవారా, చెప్పుకోలేనివారా? దొంగచాటుగా ఫోన్ పట్టిన ఆడపిల్లను ఎవడైనా బెదిరిస్తే ఆమె తండ్రి దగ్గరకు రాదు. ఫోన్ పట్టుకున్నందుకే ముందు కొడతాడని ఆమెకు తెలుసు. బెదిరించేవాడి బలం ఆ భయమే. నిషేధం ఆమెను కాపాడలేదు, కాపాడేవారికి దూరం చేసింది. వెలుగులో వాడటం నేర్పితే, ఏ తప్పు మెసేజీ వచ్చినా "నాయనా, ఇది చూడు" అని చూపించే బిడ్డ ఉంటుంది. తప్పు జరిగాక కూడా తిరిగి రాగల ఇల్లు ఉంటుంది. తప్పిపోయిన కుమారుని తండ్రి ఇల్లు అలాంటిదే కదా.

మనం చేయవలసింది

మాటలతో ముగించను. మన సంఘంలో నెలకు రెండు ఆదివారాలు, ఆరాధన అయ్యాక ముప్పావు గంట, తలుపులు తెరిచి ఉంచి, నేర్చుకునే కూడిక పెడదాం. స్త్రీల గుంపుకు స్త్రీలే పెద్దలుగా ఉండాలి. ఫోన్ లేనివారు ఉన్నవారి పక్కన కూర్చోవాలి. దానికి పద్ధతి ఇది.

1. ఒక్కొక్కరు మూడు నెలలకు ఒకే సంగతి ఎంచుకోవాలి. డీఎస్సీ కావచ్చు, మోటారు రిపేరు కావచ్చు, మార్కు సువార్త కావచ్చు.

2. చెప్పేవారు ఎవరు, వారికి ఆ పని నిజంగా తెలుసా, వారేమైనా అమ్ముతున్నారా అని చూసి ఎంచుకోవాలి.

3. చూసినదాన్ని నోటు పుస్తకంలో రాయాలి. రాయలేనివారు వాయిస్ మెసేజీలో తమ మాటల్లో చెప్పాలి.

4. చేసి చూసి, తెలిసినవారికి చూపించి దిద్దించుకోవాలి.

5. మూడు నెలల చివర ఇంకొకరికి నేర్పాలి. బెసలేలుకు దేవుడిచ్చిన వరం అక్కడే పూర్తయింది.

సంఘం గ్రూపులో కూడా ఒక నియమం పెడదాం. ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేని ఫార్వర్డు పెట్టకూడదు. అడిగిన ప్రశ్నను ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఈ రెండు పాటిస్తే ఆ గ్రూపు సగం బాగుపడుతుంది.

తండ్రులారా, ఈ వారం మీ కూతురిని పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: "అమ్మా, నీకేం నేర్చుకోవాలని ఉంది?" జవాబు విన్నాక మీ ఫోన్ ఆమె చేతిలో పెట్టి, కాసేపు పక్కన కూర్చోండి. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఆమె మీకు వివరిస్తుంది. డేరాలు కుట్టే ఆ ఇంట్లో అపొల్లోకు దొరికింది పక్కన కూర్చునే మనుషులే.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, నేర్చుకునే మనసు, దిద్దుబాటును ఒప్పుకునే వినయం మాకు దయచేయండి. మా కుమార్తెలకు మేము మూసిన తలుపులు తెరిచే ధైర్యం ఇవ్వండి. మా చేతిలోని ప్రతి సాధనం మీ మహిమకును, పొరుగువాని మేలుకును వాడబడునట్లు చేయండి. గనుల్లో, పొలాల్లో, పరీక్ష హాళ్లలో ఉన్న మా బిడ్డలకు తోడై ఉండండి. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.